మీ అక్కకు రాయి ఎక్కడ నిలిపారు?

జగదల్‌పూర్ నుండి దంతెవాడ వైపు వెళ్ళే దారిలో ఇప్పచెట్ల నీడన, పొలాల గట్ల మీద, నిలువెత్తు రాళ్ళు కనిపిస్తాయి. కొన్ని ఒంటరిగా ఉంటాయి. కొన్ని కుటుంబమంతా కలిసి నిలుచున్నట్లు బారులు తీరి ఉంటాయి. కొత్తగా వచ్చినవారు వాటిని పొలిమేర రాళ్ళనుకొని సాగిపోతారు. అవి పొలిమేర రాళ్ళు కావు. దండామి మాడియా గోండులు తమవారిలో మరణించినవారికి నిలిపిన స్మారకశిలలు. గోండీ భాషలో వాటిని ఉరస్కల్ అంటారు. ‘కల్’ అంటే రాయి. పూర్వం కొందరికి కొయ్యస్తంభాలు కూడా చెక్కేవారు. దిల్మిలి, గామావాడ గ్రామాలలోని అటువంటి స్మారకాలు ఎందరో యాత్రికులు ఆగి చూసేంత ప్రసిద్ధమైనవి. ఇటీవలి కాలపు శిలల మీద రంగుల బొమ్మలుంటాయి: కొమ్ముల తలపాగా ధరించి నాట్యమాడే పురుషులు, పక్షులు, పులి, ఎడ్లబండి, సైకిలు. మనిషి దేనిని ప్రేమించాడో అది అతని రాతి మీద ఉంటుంది.

మరణించినవారిని ఇలా కళ్ళెదుట నిలుపుకొనే సీమలో మా అక్క నలభై ఎనిమిది సంవత్సరాలు కాపురం చేసింది. 2019 కార్తీకమాసంలో, తన అరవై ఏడవ ఏట, జగదల్‌పూర్‌లోని తన ఇంటిలోనే కన్నుమూసింది. ఆ తరువాత చాలాకాలం నన్ను వదలని ప్రశ్న ఒకటే. పోయినవారిని పట్టుకొని ఉండడం ప్రేమా, వదలివేయడం ప్రేమా? ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ నేను బౌద్ధం వద్దకు వెళ్ళాను. అక్కడ నాకు దొరికినది నేను ఊహించినది కాదు.

అక్క నాకంటె తొమ్మిదేళ్ళు పెద్ద. మాది కోనసీమలో ఆదుర్రు సమీపాన ఒక పల్లె. నా ఐదవ ఏట మా అమ్మ పోయింది. అప్పటికి పద్నాలుగేళ్ళ అక్క మరునాటి ఉదయమే పొయ్యి అంటించింది. నాకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది. అమ్మ ముఖం నాకు ఛాయామాత్రంగా కూడా జ్ఞాపకం లేదు. అమ్మ అనగానే నా మనసులో కదిలేది రెండు జడల అక్కే.

1971లో ఆమెకు వివాహమైంది. బావగారు రైల్వే ఉద్యోగి. బైలడిల్లా కొండల ఇనుపరాతిని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960 దశకంలో నిర్మించిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం మీద ఆయన పని. ఆ మార్గం వెంట ఉద్యోగాలకు వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో. నిజానికి తెలుగువారికి బస్తరు బంధుత్వం అంతకంటె చాలా పాతది. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇంద్రావతి తీరాన రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశపు సంప్రదాయం చెబుతుంది. “మనకంటె ముందు రాజులే వలస వచ్చారు, మనమెంత!” అని అక్క నవ్వేది.

వేసవి సెలవులకు నేను ఆ రైలు ఎక్కేవాణ్ణి. సొరంగాల చీకటి, అరకు లోయ వెలుగు దాటి జగదల్‌పూర్ చేరేసరికి అక్క స్టేషనులో నిలుచుని ఉండేది. ఆ ఇంటిలో నాకు బాగా జ్ఞాపకమున్న వస్తువు ఒక చిన్న మట్టికుండ. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా అక్క అందులో నుండి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. ఆదివారం నాడు ఆ బియ్యం ఎవరికో ఒకరికి వెళ్ళేది. కుండ నిండకపోతే ఇంటి బియ్యంతో నింపి ఇచ్చేది. మా నాయనమ్మ చేసిన పనే అది. అక్క దానిని కోనసీమ నుండి బస్తరుకు తీసుకువెళ్ళింది, అంతే. ఎందుకని అడిగితే ఆమె దగ్గర పెద్ద సమాధానమేమీ లేదు. “మనం తినేముందు ఇంకొకరు జ్ఞాపకం రావాలిరా” అనేది.

ఆమె చివరి పందొమ్మిది రోజులు నేను పక్కనే ఉన్నాను. గుండె బలహీనపడింది. అయినా తెలివి చెదరలేదు. పోవడానికి రెండు రోజుల ముందు మేనకోడలిని పిలిచి, “ఇవాళ పిడికెడు వేశావా?” అని అడిగింది. అస్థికలను ఇంద్రావతిలో కలిపాము.

పన్నెండు రోజులు బంధువులతో ఇల్లు నిండి ఉన్నది. ఓదార్పు మాటలన్నీ ఒకే దిక్కుకు నడిచేవి. ఏడవవద్దు, ఏడిస్తే ఆమెకు శాంతి ఉండదు. కాలమే మరపిస్తుంది. వారి మాటలలో దయ ఉన్నది. కాని మరచిపోవడమే మందు అయితే, నాకు ఆ మందు అక్కరలేదనిపించింది. తల్లి ముఖం మరచిపోయినవాడికి మరపు ఎంతటి నష్టమో తెలుసు.

అక్కకు పొరుగున ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఉండేవారు. మరాఠీ ఆమె. అక్క ఆమెను ‘తాయీ’ అని పిలిచేది. 1956 అక్టోబరు 14న నాగపూరులో డాక్టర్ అంబేద్కర్ లక్షలాది ప్రజలతో కలిసి బౌద్ధం స్వీకరించినప్పుడు ఆమె తల్లిదండ్రులు ఆ జనసముద్రంలో ఉన్నారు. ముప్పై ఏళ్ళపాటు ఆ ఇద్దరు స్త్రీలు గోడ మీదుగా కూరగిన్నెలు మార్చుకున్నారు. ఆమె ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. రోజూ సాయంకాలం వచ్చి అక్క కూర్చునే అరుగు మీద కాసేపు మౌనంగా కూర్చుని వెళ్ళేవారు.

ఒకనాడు నేనే కదిలించాను. “మీ బుద్ధుడు కిసాగోతమికి చేసినది నాకు కఠినంగా తోస్తుంది” అన్నాను. ఆ కథ తెలియనివారుండరు. చనిపోయిన పసివాణ్ణి ఎత్తుకొని మందు కోసం తిరిగిన తల్లి ఆమె. చావు ఎరుగని ఇంటి నుండి గుప్పెడు ఆవాలు తెమ్మని బుద్ధుడు ఆమెను పంపాడు. ప్రతి ఇంటా ఆవాలు ఉన్నాయి. చావు లేని ఇల్లు లేదు. లోకంలో అందరూ పోయేవారే గనుక నీవూ ఊరుకో అన్నట్లుగా ఆ కథను మనం చెప్పుకుంటాము.

ఆమె తల అడ్డంగా ఊపారు. “ఆ తల్లి ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందో ఆలోచించారా? ప్రతి గుమ్మం దగ్గర ఆగి, మీ ఇంటిలో ఎవరైనా పోయారా అని అడిగింది. అడిగిన తరువాత ఎవరైనా అవును అని తలుపు వేస్తారా? మా అబ్బాయి అని, మా ఆయన అని చెబుతారు. ఆమె నిలబడి వినాలి. బుద్ధుడు ఆమెకు ఉపన్యాసం ఇవ్వలేదు. ఆమెను ఒంటరితనంలో నుండి ఊరిలోకి పంపాడు. సాయంత్రానికి ఆమె దుఃఖం తగ్గలేదు, ఆమెకు తోడు దొరికింది.”

ఆ మాటలు విన్న తరువాత నేను పరామర్శకు వచ్చినవారిని వేరుగా చూడసాగాను. ఒక రైల్వే విశ్రాంత ఉద్యోగి అక్క గురించి రెండు మాటలు మాట్లాడి, ఇరవై ఏళ్ళ క్రితం పోయిన తన కుమారుని గురించి గంటసేపు చెప్పాడు. పాలు పోసే మనిషి తన తల్లిని తలచుకున్నాడు. అంతకుముందయితే వీరు మా దుఃఖం వదలి తమ గొడవ చెప్పుకుంటున్నారని నొచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు నేను గుమ్మం గుమ్మానికీ వెళ్ళనక్కరలేకుండా గుమ్మాలే నా దగ్గరకు వస్తున్నాయనిపించింది.

అలా వచ్చినవారిలో ఒక మాడియా స్త్రీ కూడా ఉన్నది. అడవి నుండి చింతపండు, ఇప్పపువ్వు తెచ్చి జగదల్‌పూర్ వీధులలో అమ్ముతుంది. అక్కకు పాత స్నేహితురాలు. ఆమె తట్ట దించి, విషయం విని, చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నది. తరువాత హల్బీ భాషలో ఏదో అడిగింది. మేనకోడలు నాకు తెలుగులో చెప్పింది: “అమ్మకు రాయి ఎక్కడ నిలిపారు అని అడుగుతున్నది, మామయ్యా.”

మాలో రాయి నిలిపే ఆచారం లేదని, నదిలో కలిపామని చెప్పించాను. ఆమె ఆశ్చర్యపోయింది. “నీరు నిలబడదు కదా! మరి మీరు ఎక్కడికి వెళ్ళి ఆమెతో మాట్లాడతారు?” అన్నది. తమ ఊరిలో రాయి నిలిపిన తరువాత పోయినవారు తృప్తిపడితే ఆ రాయి కొంచెం పెరుగుతుందని, అలక ఉంటే తగ్గుతుందని పెద్దలు చెబుతారని కూడా అన్నది.

బంధువుల ఓదార్పు కంటె, నేను చదివిన పుస్తకాల కంటె, ఆ ప్రశ్న నన్ను ఎక్కువ కలతపెట్టింది. పోయినవారితో మాటలు ఉంటాయనీ, ఆ మాటలకు ఒక చోటు కావాలనీ ఆమె ఎంత సహజంగా అనుకున్నది! అనిత్యాన్ని బోధించిన మతం దీనికి ఏమి చెబుతుంది?

నేను చదువుతూ పోయాను. బుద్ధుని చివరి రోజులను వర్ణించే పాళీ సూత్రంలో ఆనందుని ఘట్టం ఒకటి ఉన్నది. ఇరవై అయిదేళ్ళు బుద్ధునికి పరిచర్య చేసిన ఆనందుడు, కుశీనగరంలో గురువు అంతిమ ఘడియలు సమీపించాయని తెలిసి, విహారంలోకి వెళ్ళి, ద్వారబంధాన్ని ఆనుకొని ఏడుస్తాడు. బుద్ధుడు ఆయనను పిలిపిస్తాడు. ప్రియమైన వాటన్నిటి నుండి ఎడబాటు తప్పదని తాను ముందే చెప్పానని గుర్తుచేస్తాడు. మన ఓదార్పులు అక్కడితో ఆగిపోతాయి. బుద్ధుడు ఆగలేదు. ఇన్నాళ్ళు చేతతో, మాటతో, మనసుతో నీవు చేసిన సేవ అపారమైనదని ఆనందునితో అంటాడు. తరువాత అక్కడున్న భిక్షువులందరి వైపు తిరిగి ఆయన గుణాలను వర్ణిస్తాడు. పోబోయేవాడు మిగిలేవాని ప్రేమకు సాక్ష్యం చెప్పాడన్నమాట. ఆ ప్రేమను తప్పు అనలేదు.

మరొక చోట కోసల రాజు ప్రసేనజిత్తు మధ్యాహ్నవేళ బుద్ధుని వద్దకు వస్తాడు. నూట ఇరవై ఏళ్ళ నాయనమ్మ పోయిందట. ఆమెను బ్రతికించగలిగితే మేలైన ఏనుగును, గుర్రాన్ని, గ్రామాన్ని, ఒక జనపదాన్నే ఇచ్చివేసేవాణ్ణి అంటాడు. నూట ఇరవై ఏళ్ళు బ్రతికిన ముదుసలికి ఇంత విలాపమా అని బుద్ధుడు ఎగతాళి చేయలేదు. కుమ్మరి చేసిన కుండలు పచ్చివైనా, కాల్చినవైనా, ఏనాటికో పగిలేవే అని మాత్రం అన్నాడు. ఈ దృష్టాంతం చదివినప్పుడు నాకు అక్క బియ్యపుకుండ జ్ఞాపకం వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళలో ఆ కుండ ఎన్నిసార్లు పగిలిందో! ప్రతిసారీ సంతలో కొత్తది వచ్చేది. కుండ మారింది, పిడికెడు మారలేదు.

దుఃఖాన్ని గూర్చి బుద్ధుడు చెప్పిన రెండు బాణాల ఉపమానం కూడా నాకు అప్పుడే అర్థమైంది. ఒక బాణం తగులుతుంది, అది తప్పదు. తెలియనివాడు ఆ నొప్పి మీద ఆక్రోశించి తనకు తానే రెండవ బాణం వేసుకుంటాడు. నాకు అక్క లేదు, ఇది మొదటి బాణం. ఆ నొప్పిని ఎవరూ తీయలేరు, తీయమని నేను కోరను. నాకే ఇలా జరగాలా అనుకోవడం, ఇంకొక ఏడాది ఉండి ఉంటే అని లెక్కలు వేయడం, నా దుఃఖం మరెవరికీ లేదని తలుపు మూసుకోవడం, ఇవి రెండవ బాణం. ఏడవడం రెండవ బాణం కాదు. ఇంతవరకు నాకు తెలిసిన తరువాత కన్నీళ్ళ గురించి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పడం మానివేశాను.

2020 జనవరిలో మళ్ళీ జగదల్‌పూర్ వెళ్ళాను. మేనకోడలు, నేను కలిసి కొండగావ్ దారిపట్టాము. ఆ జిల్లాలో భోంగాపాల్ అనే చోట ఇటుకలతో కట్టిన ఒక బౌద్ధ చైత్యపు శిథిలం ఉన్నది. క్రీస్తుశకం 5, 6 శతాబ్దాల నాటిదని చరిత్రకారులు అంటారు. అడవి నడుమ ఇటుకల దిబ్బ. దాని మీద పద్మాసనంలో కూర్చున్న బుద్ధ విగ్రహం. గాలివానలకు ముఖం అరిగింది. చుట్టుపక్కల పల్లెలవారు ఆయనను ‘డోక్రా బాబా’ అంటారు. హల్బీలో డోక్రా అంటే ముసలాయన. బుద్ధుడన్న పేరు పోయింది, సంఘం పోయింది, చైత్యం కూలింది. అయినా ఊరివారు ఆయనను తమ ఇంటి పెద్దను చేసుకున్నారు.

అక్కడ నిలుచున్నప్పుడు నాకు మా ఆదుర్రు కళ్ళకు కట్టింది. వైనతేయ గోదావరి ఒడ్డున, మా ఊరికి నడకదూరంలో, ఒక ప్రాచీన మహాస్తూపపు శిథిలం ఉన్నది. బండిచక్రం ఆకారంలో ఇటుకల కట్టడం, నాలుగు దిక్కులా ఆయక వేదికలు. పురావస్తు శాఖ 1953లో అక్కడ త్రవ్వింది. కాని మా చిన్నతనంలో దానిని స్తూపమని ఎవరూ అనలేదు. ‘దుబరాజు గుడి’ అనేవారు. అక్క నన్ను చంకనెత్తుకొని ఆ దిబ్బ మీద ఆడించేది. స్తూపమంటే ఏమిటి? మహనీయుని అస్థికల మీదనో, జ్ఞాపకం మీదనో కట్టిన దిబ్బ. అంతా అనిత్యమన్న బుద్ధుని అనుచరులే దేశమంతటా జ్ఞాపకానికి ఇటుకలు పేర్చారు. మా అక్క బాల్యం ఒక స్తూపం నీడన గడిచింది. జీవితం స్మారకశిలల నడుమ గడిచింది.

ఇంకొకటి కూడా స్ఫురించింది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకు రాజుల కాలంలో బౌద్ధం వెల్లివిరిసింది. అక్కడ దొరికిన ‘ఛాయాస్తంభాలు’ మరణించినవారి స్మారకాలే. క్రీస్తుశకం 3వ శతాబ్దపు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలునికి, ఆయన కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, తల్లులు, అక్కచెల్లెళ్ళు, రాణులు కలిసి అటువంటి స్తంభం నిలిపారు. రాజులకే కాదు, సేనానులకు, ఒక శిల్పికి కూడా స్తంభాలున్నాయి. నాగార్జునసాగర్ నిర్మాణంతో ఆ లోయ నీట మునిగింది. ఆ శిల్పసంపదలో చాలాభాగం ఇప్పుడు ద్వీపంగా మిగిలిన కొండ మీది ప్రదర్శనశాలలో ఉన్నది. ఆంధ్రుని ఛాయాస్తంభానికీ మాడియా ఉరస్కల్‌కూ మధ్య ఎన్నో శతాబ్దాలున్నాయి. వాటి మధ్య నేరుగా సంబంధమున్నదని నేననను. కాని రెండు చోట్లా మనిషి ఒక్క మాటే చెప్పాడు: ఇతడు ఉన్నాడు, మేము చూశాము.

బస్తరు మరణాచారాలను శ్రద్ధగా పరిశీలించి వ్రాసినవారిలో వెరియర్ ఎల్విన్ ముఖ్యుడు. ఇంగ్లండులో పుట్టి, క్రైస్తవ మతాచార్యుడుగా ఈ దేశానికి వచ్చి, గిరిజనుల మధ్య జీవితం గడిపాడు. ఘోటుల్ గురించిన ఆయన గ్రంథం 1947లో వెలువడింది. ఉత్తరార్ధంలో ఈశాన్య సరిహద్దు ప్రాంతంలో పనిచేస్తూ బౌద్ధానికి చేరువయ్యాడు. 1964లో ఢిల్లీలో మరణించినప్పుడు ఆయనకు అంత్యక్రియలు బౌద్ధ పద్ధతిలో జరిగాయి. అస్థికలు సియాంగ్ నదిలో కలిపారు. ఇతరుల స్మారకశిలలను అంత ఓపికగా లెక్కించినవాడు తనను మాత్రం నదికి అప్పగించుకున్నాడు. రాయి, నీరు ఒకదానికొకటి విరోధులు కావని ఆయన జీవితం చూచినప్పుడు నాకనిపించింది.

తిరుగుప్రయాణంలో కొండగావ్‌లో ఒక ఘడ్వా కళాకారుని ఇంటి ముందు ఆగాము. అక్కడి ఇత్తడి బొమ్మలు ప్రసిద్ధమైనవి. ముందు మట్టితో ముద్ద చేస్తారు. దాని మీద తేనెమైనపు దారాలు చుట్టి కన్ను, ముక్కు, నగ అన్నీ తీరుస్తారు. పైన మరల మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోతుంది. మైనం విడిచిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారిన తరువాత అచ్చు పగలగొట్టి బొమ్మను తీస్తారు. అచ్చు ఒక్కసారికే, అందువల్ల ఏ బొమ్మా మరొక బొమ్మ వంటిది కాదు.

నేను ఆ పని చాలాసేపు చూశాను. మిళింద రాజు, నాగసేన భిక్షువు చేసిన సంవాదంలో ఒక దీపం ప్రసక్తి ఉన్నది. రాత్రి మొదటి జామున వెలిగిన జ్వాల, చివరి జామున వెలుగుతున్న జ్వాల ఒకటేనా అని నాగసేనుడు అడుగుతాడు. ఒకటి కాదు. అలాగని వేరొకటీ కాదు. ఆ దీపాన్ని ఆశ్రయించే రాత్రంతా వెలిగింది. ఒక జన్మకు మరొక జన్మ అటువంటిదని ఆయన సమాధానం. పుస్తకంలో చదివినప్పుడు ఇది తర్కంగా తోచింది. కొలిమి దగ్గర కళ్ళకు కనిపించింది. ఇత్తడి బొమ్మలో మైనం రవ్వంత కూడా లేదు. అయినా ఆ బొమ్మలోని ప్రతి రేఖా మైనం ఇచ్చినదే. అక్క ఈ లోకంలో ఎక్కడా లేదు. కాని ఆమె విడిచిన ఖాళీలోకి ఏది పోస్తే అది ఆమె రూపమే పొందుతుంది. నేను అన్నం కలిపే తీరు ఆమెది. మేనకోడలు విసుగును మింగి నవ్వే తీరు ఆమెది. ఖాళీని త్వరగా పూడ్చివేయమని చెప్పే ఓదార్పులు నాకెందుకు నచ్చలేదో అప్పుడు తెలిసింది. ఆ ఖాళీయే అచ్చు.

మరణానంతరం గురించి బౌద్ధులందరూ ఒకే మాట చెప్పరు. ఇదే ఛత్తీస్‌గఢ్ ఉత్తరాన మైన్‌పాట్‌లో 1960 దశకపు తొలినాళ్ళ నుండి టిబెట్ శరణార్థులు నివసిస్తున్నారు. వారి సంప్రదాయంలో మరణానికీ మరుజన్మకూ నడుమ 49 రోజుల వరకు ఒక మధ్యస్థితి ఉంటుంది. సింహళ, థాయి థేరవాదులు అటువంటి నడిమి మజిలీని సాధారణంగా అంగీకరించరు. మా పొరుగు తాయీ వంటివారు ఆత్మ అనేదే లేదంటారు. ఇంత భేదమున్నా ఒక విషయంలో అందరూ కలుస్తారు: పోయినవారి పేరున బ్రతికి ఉన్నవారు ఒక మంచిపని చేసి, దాని పుణ్యాన్ని వారికి పంచాలి. తాయీ ఇంటిలో దానిని పుణ్యానుమోదనం అంటారు. శ్రీలంకలో, థాయ్‌లాండ్‌లో ఆ సమయాన చిన్న పాత్రలోకి నీరు ధారగా పోస్తారు. వాగులు నిండి నదులై సముద్రాన్ని నింపినట్లు ఇక్కడ ఇచ్చినది అక్కడికి చేరుతుందని భావన. మన తర్పణ జలానికీ ఈ ధారకూ ఎంత దగ్గర బంధుత్వం!

అప్పుడు నాకు ఆ మాడియా స్త్రీ ప్రశ్నకు సమాధానం చూచాయగా దొరికింది. పట్టుకోవడమా, వదలడమా అని నేను వేసుకున్న ప్రశ్నే సరిగా లేదు. అక్క దేహాన్ని, గొంతును, ఆ అరుగు మీద ఆమె కూర్చునే మధ్యాహ్నాలను వదలక తప్పదు. అవి నా చేతిలో లేవు. ఆమె చేసిన పనిని వదలనక్కరలేదు; అది నా చేతిలోనే ఉన్నది. అయిదు విషయాలను నిత్యం తలచుకోమని బుద్ధుడు చెప్పాడు. ముసలితనం, రోగం, మరణం, ప్రియమైనవారి ఎడబాటు, ఈ నాలుగూ మననుండి తీసుకునేవి. అయిదవది మనకు మిగిలేది: చేసిన కర్మకు మనమే వారసులము. మేము అక్క ఇంటికి, నగలకు మాత్రమే వారసులం కాము. ఆ పిడికెడుకు కూడా వారసులమే.

2020లో కరోనా వ్యాధి వలన ప్రయాణాలు దుర్లభమైనాయి. అక్క సంవత్సరీకానికి నేను జగదల్‌పూర్ చేరలేకపోయాను. ఆ ఉదయం ఆదుర్రు దగ్గర వైనతేయ రేవుకు వెళ్ళాను. ఒడిశాలోని కాలాహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి జగదల్‌పూర్ దాటి, చిత్రకూట్ వద్ద జలపాతమై దూకి, అడవులగుండా పడమరకు పయనించి, తెలంగాణ సరిహద్దున గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి భద్రాచలం, పాపికొండలు, రాజమహేంద్రవరం దాటి పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుండి విడిన వైనతేయ మా ఊరి పక్కగా సముద్రానికి వెళుతుంది. పెళ్ళయి రైలులో వెళ్ళిన అక్క నీటిదారిన పుట్టింటికి వచ్చిందని అనుకోవాలని మనసు కోరింది. కాని ఏడాది క్రితం కలిపిన నీరు ఏనాడో సముద్రం చేరి ఉంటుంది. నా ఎదుట పారుతున్నది ఆ నీరు కాదు. అలాగని వేరొక నదీ కాదు. దోసెడు నీరు ధారగా విడిచాను. ఇంటికి వచ్చి, కొత్త కుండ ఒకటి కడిగి, అందులో పిడికెడు బియ్యం వేశాను.

జగదల్‌పూర్‌లో మేనకోడలు ఆ పనిని తల్లి పోయిన రోజు కూడా మానలేదు. మరుసటి ఏడాది వేసవిలో ఫోనులో ఒక సంగతి చెప్పింది. చింతపండు అమ్మే ఆమె చాలా నెలల తరువాత వచ్చిందట. రాయి సంగతి మరల అడిగిందట. అమ్మాయి ఏమి చెప్పాలో తోచక, ఆమెను వంటింటిలోకి తీసుకువెళ్ళి కుండ చూపించి, మేము నిలిపినది ఇదే అన్నదట. ఆమె మూత తీసి, లోపలికి వంగి చూసి, “సగమే ఉన్నదే!” అన్నదట.

ఆనాటి నుండి మా మేనకోడలు పూటకు రెండు పిడికిళ్ళు వేస్తున్నది.